వెనక్కి తిరిగిన కుర్చీలు

మెట్ల కింద నిలబడితే ముందుగా వినిపించేది కత్తెర. వాన అందుకోకముందు రేకుమీద ఒకటీ అరా చినుకులు రాలినట్టు ఉంటుంది ఆ చప్పుడు. దాని వెనకే ఆగని ఒక గొంతు. తలుపు తోస్తే, నల్ల ఏప్రాన్‌కి పదిమంది వెంట్రుకలు అంటించుకుని, ఎవరి తలనో పక్కకి వంచుతూ నవ్వే మనిషి కనబడుతుంది. ఆ వీధికంతా ఆమె పార్లరక్క.

ఆ పార్లర్‌లో ఒక విడ్డూరం ఉంది. కుర్చీ అద్దానికి ఎదురుగా ఉండదు, కిటికీవైపు తిరిగి ఉంటుంది. అద్దంలో చూసుకుంటూ కూర్చుంటే ప్రతి కత్తిరింపుకీ "అయ్యో, అంత తీసేశారేంటి!" అని ఉలిక్కిపడతారని ఆమె చేసిన ఏర్పాటు అది. పని అయ్యాకే అద్దం. అందువల్ల ఇన్నేళ్లుగా ఆమె కబుర్లన్నీ మెడలతోనే. మొహాలు కనబడని చోట అవతలివాళ్లూ మెత్తబడతారు. ఎవరికీ చెప్పుకోని దిగుళ్లు అక్కడ జుట్టుతోపాటే నేలకి రాలుతుంటాయి.

ఓ మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్న పాస్టరమ్మగారు కడుపుబ్బ నవ్వి, "ఈసారి యూత్ క్యాంపులో పిల్లలకి నువ్వే మాట్లాడాలి" అన్నారు. నవ్వుల్లో పడి పార్లరక్క సరేననేసింది.

రాత్రి అన్నాల దగ్గర ఆ మాట వినగానే పదో తరగతి చదువుతున్న కూతురు పళ్లెం పక్కకి తోసింది.

"అమ్మా, ఆ క్యాంపుకి నేనూ వెళ్తున్నా. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా వస్తారు."

"వస్తే మంచిదేగా."

"పోయినసారి డాక్టరుగారు మాట్లాడారు. నువ్వేం చెప్తావ్, చుండ్రు గురించా?"

"అవసరమైతే అదీ చెప్తా. నీకూ ఉంది."

"నవ్వకు! నా పరువు తీశావంటే మళ్లీ నీతో ఎక్కడికీ రాను."

పిల్ల సరదాకి అనలేదు. కొన్నాళ్లుగా వీధిలో తన పక్కన నడవడానికే అది జంకుతోందని పార్లరక్కకి తెలుసు. ఆ జంకు పోగొట్టడానికి దొరికింది ఈ ఒక్క క్యాంపే అనుకుంది.

క్యాంపు ఒక బడి హాల్లో. లీడరు మైకు చేతికిచ్చాడు. ఎదురుగా అన్నీ మొహాలే. మొటిమల మొహాలు, ఆవలించే మొహాలు, ఏం చెప్తావో చూద్దామన్నట్టున్న మొహాలు. అన్ని కళ్లూ ఒక్కసారి ఆమె మీద వాలాయి.

"వందనాలు" అంది. కాస్త ఆగి మళ్లీ "వందనాలు" అంది. మూడోసారీ వందనాలే వచ్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మూడో వరసలో కూతురు, నేలలోకి ఇంకిపోతే బాగుండన్నట్టు తల వంచేసుకుంది.

వంచిన తల. అది తనకి తెలిసిన సంగతి.

"పిల్లలూ, ఓసారి లేవండి. కుర్చీలు వెనక్కి తిప్పుకుని కూర్చోండి."

"ఎందుకాంటీ?"

"నాకు మొహాలతో మాట్లాడ్డం రాదు. మెడలతో అయితే ఎంతసేపైనా మాట్లాడతా."

హాలు గొల్లుమంది. కుర్చీలు గరగరమంటూ తిరిగాయి. లీడరు నోరెళ్లబెట్టి, తనూ అటు తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడామె ముందు జడలు, పోనీటెయిళ్లు, పడుకుని లేచినట్టే ఉన్న జుట్లు. పార్లరక్క హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"నీలం చొక్కా బాబూ, నీకు రెండు సుడులున్నాయి. రెండు పెళ్లిళ్లంటారు, నమ్మకు. దువ్వెనతో తిప్పలు మాత్రం ఖాయం." నవ్వులు ఆగేదాకా ఆగింది. "మన తలమీది వెంట్రుకలన్నీ దేవుడి లెక్కలో ఉన్నాయంటారు. నేనేమో రోజూ చేటలకి చేటలు ఊడ్చేస్తుంటాను. పాపం, ఆయన లెక్క నావల్లే తప్పుతోందని బెంగపడేదాన్ని. తర్వాత తెలిసింది, ఊడ్చేసినవి కూడా ఎవరివో ఆయనకి గుర్తేనని. మనం పారేసుకున్నవి ఆయన పారేసుకోడు."

ఒకరిద్దరు తమ తలలు తడుముకున్నారు.

"ఏమైనా అడగాలనుంటే అడగండి. ఇప్పుడెవరూ ఎవర్నీ చూడరు."

"ప్రార్థన చేస్తుంటే నిద్రొస్తోందాంటీ" అన్నాడొకడు గోడకేసి చూస్తూ.

"నా కుర్చీలోనూ నిద్రపోతారు నాన్నా. లేపి తిడతానా? తల పట్టుకుని మెల్లగా పని కానిస్తా. ఆయనా అంతే."

ఇంకొన్ని ప్రశ్నలయ్యాక ఒక సన్నటి గొంతు లేచింది. "అమ్మంటే సిగ్గనిపిస్తే... అది తప్పా?"

ఆ గొంతు ఎవరిదో పార్లరక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున తను అల్లిన జడ అక్కడ కదలకుండా ఉంది. ఆమె మైకుని కాస్త దూరం జరిపింది.

"తప్పెందుకమ్మా? మీ వయసులో అమ్మ నడిచినా సిగ్గే, నవ్వినా సిగ్గే. అమ్మలకది తెలుసు. అందుకే కాస్త వెనకగా నడుస్తాం. మీరు తిరిగి చూస్తే కనబడేంత దూరంలో."

సాయంత్రం బస్సులో స్నేహితురాళ్లు సీటు ఆపినా, కూతురు వచ్చి తల్లి పక్కనే కూలబడింది. "జడ చిక్కుపడింది, విప్పవా" అంది అందరికీ వినబడేట్టు. విప్పుతున్నంతసేపూ ఆమె భుజానికే ఆనుకుని ఉంది.

నా జుట్టు కత్తిరిస్తూ ఇదంతా చెప్పి పార్లరక్క ఏప్రాన్ దులుపుకుంది. ఆ ప్రశ్న ఎవరిదో తల్లికి తెలియదనే కూతురు ఇప్పటికీ అనుకుంటోందట. మరి ఇది రాయవచ్చా అని నేనడిగితే నవ్వేసింది.

"పుస్తకంలో వేసుకోండి, ఫర్వాలేదు. అది ఛస్తే పుస్తకం తెరవదు. ఫోన్లో మాత్రం పెట్టకండేం!"