గోల్‌కీపర్ లేని ఫైనల్

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది, మహారాష్ట్రలోని మా చంద్రపూర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కాలేజీల టోర్నమెంట్‌లో ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచింది. అంతకుముందు మాకు ఓడిపోవడమే అలవాటు. మొదటి మ్యాచ్‌తోనే ఇంటిదారి పట్టేవాళ్లం. రెండో మ్యాచ్ కూడా ఉంటుందని మా స్పోర్ట్స్ సార్ ఎప్పుడూ ఆశ పెట్టుకునేవాడు కాదు.

నేను రైట్ వింగ్‌లో ఆడేవాణ్ని. మాది తెలంగాణ నుంచి వచ్చి బొగ్గుగని క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం. అది నా డిగ్రీ ఆఖరి ఏడాది. గనిలో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. పవర్ స్టేషన్‌లో ఏదైనా పని దొరికినా కాంట్రాక్టరు కిందే. ఇంట్లో కూర్చుంటే, "డిగ్రీ అయినంక ఏంజేస్తవురా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. అందుకని ఎప్పుడు చూసినా గ్రౌండ్‌లోనే ఉండేవాణ్ని. పరుగెత్తుతున్నవాణ్ని ఆపి ఎవరూ ఏమీ అడగరు.

మా గోల్‌కీపర్ కోఠారి అనే పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్లూ మాలాగే తెలుగువాళ్లు. వాడి అన్న సైన్యంలో సిపాయి. మే నెలలో అన్నను పైకి, కొండల్లోకి పంపారని తెలిసింది. ఆ తర్వాత ఇంటికి ఫోన్ రాలేదు. మ్యాచ్ ఉన్న రోజు వాడు ముందుగా మా ఊళ్లోనే తుకుం పేటలో ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, కోఠారిలో వాళ్లింటి పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేసేవాడు.

"ఏమన్న ఫోన్ వచ్చిందా, కాకా?" అని అడిగేవాడు. అవతలి మాట విని పెట్టేసేవాడు. నేను బయట సైకిల్ పట్టుకుని నిలబడి వాడి మొహం చూసేవాణ్ని. వాడు తిన్నగా గ్రౌండ్‌కు వచ్చి గోల్‌పోస్టుల మధ్య నిలబడేవాడు. ఇక బంతి లోపలికి పోయేది కాదు.

వాడు అంత బాగా ఆడటం మేమెప్పుడూ చూడలేదు. వానకు గ్రౌండంతా నల్లబురదైపోయి మేం జారిపడుతుంటే, వాడొక్కడే ఎటు దూకాలో ముందే తెలిసినట్టు దూకేవాడు. మేం గెలిచి ఒకరి మీద ఒకరం పడి అరుస్తుంటే, వాడు బూట్లు విప్పుకుని బస్సు వేళ అడిగేవాడు. వాణ్ని చూస్తే మాకూ గెలిచిన సంతోషం సగమే మిగిలేది. అయినా మళ్లీ మ్యాచ్ ఎప్పుడా అని కాళ్లు ఆగేవి కావు.

క్వార్టర్ ఫైనల్ గెలిచిన రోజు ఊరి పెద్దమనిషి ఒకాయన పూలదండ తెచ్చాడు. వీరజవాను తమ్ముణ్ని సత్కరిస్తానని మరాఠీలో పెద్దగా ప్రకటించాడు. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. మావాడు దండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా అన్న బతికే ఉన్నడు సార్. దండలెందుకు?" అన్నాడు తెలుగులోనే.

ఆయనకు మాట అర్థం కాలేదు. దండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. స్పోర్ట్స్ సార్ వచ్చి దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు.

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు వాడు సంచీ భుజాన వేసుకుని గ్రౌండ్‌కు వచ్చాడు.

"అన్న దొరికిండు. మిలిటరీ దవాఖానల ఉన్నడట. కాలుకు దెబ్బ తాకిందట. అమ్మను తీస్కొని పోతున్న."

సార్ "ఫైనల్..." అని ఆగిపోయి, వాడి భుజం తట్టాడు. రెండో కీపర్ అప్పటికే వేలు విరిగి ఇంట్లో ఉన్నాడు. అందరిలో పొడుగ్గా ఉన్నవాణ్ని నేనే. సార్ నా వైపు చూశాడు. మావాడూ చూశాడు.

"బాల్ కనబడంగనే ఉరకకు," అన్నాడు. "నీకు ఉరుకుడు తప్ప ఏం రాదు. నిలబడు, గంతే."

ఆ సాయంత్రమే వాళ్లమ్మతో బల్లార్షాలో రైలెక్కాడు.

ఫైనల్లో నాకు తెలిసింది ఒక్కటే, నిలబడటం ఎంత కష్టమో. ఆటంతా అవతలి చివర జరుగుతోంది. నా చోట ఆడుతున్న కుర్రాడు బంతిని పోగొట్టుకున్నప్పుడల్లా నా కాళ్లు గుంజేవి. ఒకసారి ఆగలేక ముందుకు పరుగెత్తాను. బంతి నా తల మీదుగా పోయింది. మా డిఫెండర్ గోల్ గీత మీద దాన్ని కాలితో ఆపి, నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. తర్వాత ఒక గోల్ పోనిచ్చాను. మావాళ్లు రెండు కొట్టారు. కప్పు మాదైంది.

టెంపోలో కప్పు పెట్టుకుని ఊరంతా తిరిగారు. నేను తుకుం దగ్గర దిగిపోయి బూత్‌లోకి వెళ్లి, కోఠారి కొట్టుకు ఫోన్ చేశాను.

"వాళ్లు ఇంక రాలే బిడ్డా," అన్నాడు కొట్టాయన. "నువ్వెవరు?"

గెలిచామని ఆయనకు చెప్పబోయి పెట్టేశాను. పరుగెత్తి మళ్లీ టెంపో ఎక్కబుద్ధి కాలేదు. నడుచుకుంటూ ఇంటికి పోయాను.

వానలు తగ్గుతుండగా వాళ్లు తిరిగొచ్చారని తెలిసి కోఠారి వెళ్లాను. అన్న ఎడమపాదం తీసేశారు. మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒక్కచోట చూపు నిలవడం లేదు. మావాడు గడపలో కూర్చున్నాడు. వాళ్లమ్మ చాయ్ ఇచ్చింది.

"ఫైనల్ల ఏమైందో చెప్పురాదు," అన్నాడు అన్న. "వీనికి నాతోనే సరిపాయె, ఎవల్నీ అడగలే."

మొదటి నుంచి చెప్పాను. డిఫెండర్ తిట్టు కూడా చెప్పాను. గోల్ సంగతి వచ్చేసరికి మావాడు తలెత్తాడు.

"ఏ దిక్కుకెళ్లి పోయింది?"

"ఎడమ దిక్కు. కిందికెళ్లి."

"నువ్వేడ నిలవడ్డవ్?"

చెప్పాను. వాడు లేచి, తడి వాకిట్లోకి దిగి, గోడకూ బావికీ మధ్య నిలబడ్డాడు. "గీడనా?" అన్నాడు. కాదు, ఇంకొంచెం కుడికి అన్నాను. వాడు జరిగాడు, నడుం వంచాడు, ఎడమకు పూర్తిగా చాచి దూకాడు. బురద గోడ దాకా ఎగిరింది.

మంచం మీద అన్న నవ్వాడు. నవ్వుతూ చూడటానికి ముందుకు వంగాడు. వాళ్లమ్మ ఒక్క క్షణం పెద్దకొడుకు మొహం వైపు చూసి, వాకిట్లోకి తిరిగింది.

"ఉన్నయే గవి రెండంగీలురా," అంది. "లే, లేచి కాళ్లు కడుక్కో."