కూలింగ్ టవర్‌లో పదిహేను నిమిషాలు

సంపూర్ణకు తన గొంతు ఎలాంటిదో పందొమ్మిదో ఏట తెలిసింది. అప్పుడామె థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్ అడుగున, మోకాలిలోతు బురదలో నిలబడి ఉంది.

అప్పటిదాకా ఆ గొంతు గురించి ఎవరూ మంచిమాట అన్నది లేదు. ఇంట్లో నోరు తెరిస్తే తల్లి "మెల్లగ మాట్లాడరాదే, వాడకంత ఇనపడుతది" అని కసిరేది. బడిలో ప్రార్థనకు నిలబెడితే టీచరు ఆమెను చివరి వరసలోకి పంపేది. పదో తరగతి తప్పాక సంపూర్ణ కాంట్రాక్టు కూలీల్లో చేరింది. ఏడాదికోసారి యూనిట్ ఆపి, టవర్ కింద నీళ్లు పడే తొట్టిలో పేరుకున్న ఒండ్రు ఎత్తేవాళ్లు. ఆడవాళ్లు వరసగా నిలబడి తట్టలు అందుకునేవాళ్లు. ఆ ఏడు లోపలి చెక్కబద్దలు కూడా మారుస్తున్నారు కాబట్టి పైన అడ్డేమీ లేదు. తల ఎత్తితే నాలుగువందల అడుగుల పైన పళ్లెమంత ఆకాశం కనిపించేది.

పక్కన నిలబడ్డ నాగలక్ష్మి చేతిలోంచి తట్ట జారింది. "ఓ నాగలక్ష్మీ!" అని సంపూర్ణ కేకేసింది. ఆ కేక గోడ వెంట పైకి పోయి, చుట్టూ తిరిగి, మెత్తబడి, ఎవరో పెద్ద గాయని పాడినట్టు కిందికి దిగింది. కూలీలంతా పనులాపి చూశారు.

"నీ గొంతేనానే అది?" అంది నాగలక్ష్మి.

ఆ ఆదివారమే సంపూర్ణ వెళ్లి చర్చి పాటల బృందంలో నిలబడింది. తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. మణుగూరులో బొగ్గు లారీ నడిపే తోమాసును పెళ్లి చేసుకుంది. ఇద్దరు పిల్లల్ని కన్నది. కూలిపని మానేసి, గిరిజన బాలికల హాస్టల్లో వంటమనిషిగా కుదిరింది. పాటల బృందానికి ఇప్పుడు ఆమే పెద్ద. చర్చి రేకుల షెడ్డులో, రెండు ఫ్యాన్ల చప్పుడు మధ్య పాడిన ప్రతిసారీ ఆమెకు ఆ టవరే గుర్తొచ్చేది. ఎంత బాగా పాడినా పాట రేకులకు తగిలి అక్కడే చచ్చిపోయేది.

థర్మల్ స్టేషన్ మూతపడి ఏడేళ్లయింది. మిషన్లు పోయాయి, క్వార్టర్లలో తుమ్మలు మొలిచాయి. టవర్లు మాత్రం సారపాక దారిన పోయే బస్సులోంచి కూడా కనిపించేవి. ఆ ఎండాకాలం చివర వాటిని బాంబులు పెట్టి కూల్చేస్తున్నారని పేపర్లో వచ్చింది. ఆ రోజు హాస్టల్లో పప్పు అడుగంటింది.

కూలిపోయేలోపు తన బృందంతో ఒక్క పాట, ఒకే ఒక్క పాట, ఆ టవర్లో పాడించి రికార్డు చేయాలని సంపూర్ణ పట్టు పట్టింది. చర్చి పండుగకు తనే కట్టిన పాట ఒకటుంది. అది రికార్డు చేసి పండుగ రోజు మైకులో పెట్టిద్దామనుకుంది.

"కూలగొట్టే గోడల నడుమ పాటేందే? నీకేమన్న పిచ్చా?" అన్నాడు తోమాసు.

"నువ్వు లారీ హారన్ మోగిస్తె నేనేమన్న అన్ననా?" అంది సంపూర్ణ.

మరుసటి రోజే గేటు దగ్గరకు పోయింది. కాపలా మంగీలాల్ ఆమెకు తెలిసినవాడే. అతని కూతురు ఆమె వండే హాస్టల్లోనే చదువుతుంది.

"నేను పోనిస్తె అక్కా, నా నౌకరి పోతది," అన్నాడతను. "పిల్లలు సెల్ఫీలకని గోడ దుంకి వస్తున్నరని పెద్దసార్లు గరం మీదున్నరు. ఆఫీసుల కాగితం తెచ్చుకో, నేనే దగ్గరుండి తోల్కపోత."

ఆఫీసంటే పాత క్యాంటీన్లో మిగిలిన రెండు గదులు. అక్కడ వీరబాబు అనే గుమాస్తా ఉన్నాడు. ఆయన ఆమె అర్జీ మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పర్పస్ కాడ పాట అని రాసినవేందమ్మా?"

"పాడతం గదా సార్. అందుకే."

"పాట అనే పర్పస్ మా దగ్గర లేదు. తనిఖీ ఉన్నది, మరమ్మతు ఉన్నది, సర్వే ఉన్నది. ఇందుల ఏదో ఒకటి రాయి."

"నేనేం తనిఖీ చేస్త సార్? వంటమనిషిని."

వీరబాబు చెడ్డవాడు కాదు. మంచినీళ్లు ఇప్పించాడు. కానీ ఫారంలో పాటకు గడి లేదు. చివరికి ఇద్దరూ కూర్చుని 'సందర్శన' అని రాశారు. ఆ కాగితం భద్రాచలం పోయింది. అక్కణ్ణుంచి హైదరాబాదు పోవాలన్నారు. హాస్టల్లో మధ్యాహ్నం వంట కాగానే, చెంగుకు చేతులు తుడుచుకుంటూ సంపూర్ణ ఆటో ఎక్కి ఆ గదులకు పోయేది. రేపు రమ్మనేవాళ్లు. రేపు పోతే, టవర్లు ఇప్పుడు మావి కావు, కూల్చే కంపెనీకి అప్పజెప్పాం, వాళ్లనడగమనేవాళ్లు. కంపెనీ మేనేజరుకు తెలుగు రాదు. ఆమెకు హిందీ అంతంతమాత్రం. "గానా. ఏక్ గానా," అని చూపుడువేలు పైకెత్తి చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వి, పదో తారీఖు పొద్దున రమ్మన్నాడు.

పదో తారీఖుకు వైరా నుంచి నాగలక్ష్మి కూడా వచ్చింది. ఆమె కాపురం వైరాలో. మోకాళ్ల నొప్పులతో మూడు బస్సులు మారి వచ్చింది. బృందం పదకొండుమంది, ఆమెతో పన్నెండు, తెల్లచీరలు కట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. పదిన్నరకు మంగీలాల్ వచ్చి, ఆ రోజు మందుగుండు లారీలు వస్తున్నాయనీ, ఎవరినీ రానివ్వరనీ చెప్పాడు.

"నిన్న చెప్తె ఏం పోయె?" అంది సంపూర్ణ.

"నాకు ఇప్పుడే చెప్పిన్రు అక్కా."

నాగలక్ష్మి సంపూర్ణ ఇంట్లో అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ పద్నాలుగో తారీఖు అన్నప్పుడు ఫోన్ చేస్తే, "నాతోని కాదే, కాళ్లు వాచినయ్. నువ్వు పాడు, నాకు ఫోన్ల ఇనిపియ్యి," అంది.

పద్నాలుగున నిజంగానే గేటు తెరుచుకుంది. కానీ హెల్మెట్లు ఆరే ఉన్నాయి. హెల్మెట్ లేనివాళ్లను లోపలికి పంపే రూలు లేదు. పదకొండుమందిలో ఆరుగురిని ఏరే పని సంపూర్ణ మీద పడింది. నిన్నటిదాకా అక్కా అక్కా అన్నవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. అందరిలో పెద్దామె సువర్ణ, "ముందే చెప్తె ఇంట్ల పని చూసుకునేదాన్ని," అని చీర కుచ్చిళ్లు విదిలించి వేపచెట్టు కింద కూలబడింది. సంపూర్ణ తనను కలుపుకుని ఆరుగురిని తీసుకుంది. వాళ్లలో కీబోర్డు వాయించే జస్టిన్, డిగ్రీ చదివే మహిమ ఉన్నారు. జస్టిన్ సారపాక మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు, సెలవు పెట్టి వచ్చాడు.

"పంద్రా మినిట్," అన్నాడు సూపర్‌వైజరు. మెళ్లో ఈల వేలాడుతోంది.

ఏటవాలు కాళ్ల నడుమ నుంచి లోపలికి నడిచారు. ప్రతి కాలి మీదా ఎర్ర రంగుతో అంకె, అంకె కింద మందు దట్టించడానికి గుర్తులు. తొట్టిలో ఒండ్రు ఎండి పెంకుల్లా పగిలింది. చెక్కబద్దలు ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. గోడ పొడవునా నాచు నల్లగా, ఆకుపచ్చగా చారలు కట్టింది. పావురాలు ఒక్కసారిగా లేచేసరికి ఆ రెక్కల చప్పుడు వానలా కురిసింది. మహిమ జడిసి సంపూర్ణ చేయి పట్టుకుంది.

"టైమ్ పోతున్నది, పట్టుండ్రి," అంది సంపూర్ణ.

జస్టిన్ ఫోను ఒక రాయి మీద నిలబెట్టి రికార్డు నొక్కాడు. బ్యాటరీ కీబోర్డు మీద శ్రుతి ఇచ్చాడు.

*నీ వాకిట నిలిచినాము, వెలుగు చూపు తండ్రీ...*

మొదటి మాటలు పైకి పోయాయి. వాళ్లు రెండో పాదంలోకి వెళ్లేసరికి మొదటి పాదం తిరిగొచ్చి మీదపడింది. మూడోది ఎత్తుకుంటే రెండూ కలిసి వచ్చాయి. కీబోర్డు ఒక దగ్గర, గొంతులు ఒక దగ్గర. సంతలో అందరూ ఒకేసారి అరిచినట్టుంది. ఆపేశారు. ఆపినా చాలాసేపు ఆగలేదు.

"ఇంకోపాలి. కొంచెం గట్టిగ," అంది.

గట్టిగా పాడితే ఇంకా పాడైంది. వినపడటం లేదని జస్టిన్ కీబోర్డు పెంచాడు.

"నువ్వు పెంచుతున్నందుకే ఆగమైతున్నది జస్టినూ!"

"నాకు మీరేం పాడుతున్నరో తెలుస్తలేదక్కా. నేనేం జెయ్యాలె?"

మూడోసారి మహిమ మధ్యలో తాళం తప్పి ఆగిపోయింది. నెల రోజుల ఆటోలు, అర్జీలు, వేపచెట్టు కింద అలిగి కూర్చున్న ఐదుగురు, వాచిన నాగలక్ష్మి కాళ్లు, అన్నీ సంపూర్ణ గొంతులోకి వచ్చాయి.

"నీకు పాట రాకుంటె ఎందుకొచ్చినవ్? బయటున్నోళ్లను తెచ్చుకుందు గదా!"

ఇంతసేపూ పాటలో ఒక్క మాటా తేటగా పలకని టవరు, ఈ మాటను మాత్రం అక్షరం పోకుండా పలికింది. *ఎందుకొచ్చినవ్... ఎందుకొచ్చినవ్...* మహిమ హెల్మెట్ కిందికి దించుకుని ఏడ్చింది. సంపూర్ణకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. 

ఆ మాట పైన ఎక్కడో ఆగిపోయాక ఆమెకు తట్టింది. ఆనాడు తను పాట పాడలేదు. ఒక్క పేరు పిలిచి ఊరుకుంది, అంతే. మిగిలిందంతా గోడే చేసింది. జస్టిన్‌ను చేత్తో ఆపి, కళ్లు మూసుకుని, *నీ వాకిట* అని మాత్రం నిదానంగా అని ఆగింది. ఆ రెండు మాటలు పైకి పోయి, చుట్టుతిరిగి, మెత్తబడి దిగివచ్చాయి. అవి దిగుతుండగా *నిలిచినాము* అంది. అది ముందుదానికి చక్కగా అతుక్కుంది. మహిమ కన్నీళ్లతోనే తలెత్తింది. సంపూర్ణ కళ్లు తెరిచింది. ఇట్లా పాడాలి! ఒక్కొక్కరు, ఒక్కొక్క మాట, ఆగి ఆగి...

ఈల మోగింది. ఆ ఈల కూడా టవరంతా తిరిగింది.

"భయ్యా, దో మినిట్. ఇప్పుడే తెలిసింది. దో మినిట్ భయ్యా!"

సూపర్‌వైజరు గడియారం చూపించాడు. బయట డ్రిల్లింగ్ మిషన్లు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఇంకోసారి అడిగింది. మంగీలాల్ వచ్చి, "పోదాం పా అక్కా, నన్ను తిడతరు," అన్నాడు. హెల్మెట్లు లెక్కపెట్టి తీసుకున్నారు. గేటు దాటేసరికి సువర్ణ, మిగతా నలుగురూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం చర్చి ఫాదర్ రికార్డింగ్ విని, "బాగనే ఉన్నదమ్మా, కానీ మాటలు తెలుస్తలేవు. పండుగకు మామూలుగనే పాడుండ్రి," అన్నాడు. సంపూర్ణకు అది ముందే తెలుసు. ఆమెకు కావలసింది చివర్లో తను ఆగి ఆగి పాడిన పదకొండు సెకండ్లు. దాన్ని నాగలక్ష్మికి పంపాలని జస్టిన్‌ను అడిగింది.

"అది తీసేసిన అక్కా. ఫోన్ల జాగ లేదు. ఎట్లగూడ పనికిరాదంటిరి గదా."

"పనికిరాదని నేనన్ననా? ఫాదర్ అన్నడు. నేనన్ననా జస్టినూ?"

అతనేదో చెప్పబోయాడు. ఆమె వినకుండా వెళ్లిపోయింది.

టవర్లు సోమవారం కూలాయి. చుట్టుపక్కల జనమంతా మేడలెక్కి ఫోన్లు పట్టుకుని చూశారు. సంపూర్ణ హాస్టల్లో రెండువందల మందికి అన్నం వారుస్తోంది. నేల కదిలింది, గిన్నెలు చప్పుడు చేశాయి, పిల్లలు కేకలేస్తూ బయటికి ఉరికారు. ఆమె గంజి ఒలక్కుండా గుండిగ పట్టుకుని నిలబడింది. కాసేపటికి సిమెంటు దుమ్ము వచ్చి, బయట ఆరబెట్టిన మిరపకాయల మీద పడింది. వాటిని కడిగి మళ్లీ ఆరబోయడానికి సాయంత్రమైంది. ఇల్లు చేరాక నాగలక్ష్మి ఫోన్ చేసింది.

"పడ్డయంట గదా?"

"అవ్."

"పాట పంపలే నువ్వు."

"లేదే. పోయింది," అంది సంపూర్ణ. ఎట్లా పోయిందో చెప్పబోయి, జస్టిన్ మీద కోపమొచ్చి ఆపేసింది.

సంపూర్ణ మహిమ ఇంటికి పోయి, "తప్పు నాది బిడ్డా," అని ఆ పిల్లతో మాట కలుపుకుంది. సువర్ణ కూడా రెండు వారాలకు తిరిగొచ్చింది. జస్టిన్‌తో మాత్రం మాట లేదు. అతను వచ్చేవాడు, ఓ మూల కీబోర్డు పెట్టుకుని వాయించేవాడు, పోయేవాడు. ఏదైనా చెప్పాలంటే ఆమె మహిమతో చెప్పించేది. పండుగ దగ్గర పడింది. ఒక శనివారం సాధనలో పాట ఎంతకీ కుదరలేదు. పై స్థాయిలో ఆడపిల్లల గొంతులు చీలిపోతున్నాయి. ఆ రోజు మహిమ రాలేదు, పరీక్షలు. సంపూర్ణ రెండుసార్లు ఆపించింది. మూడోసారి నేరుగా జస్టిన్ వైపు తిరిగింది.

"ఏ శ్రుతి పెట్టినవ్?"

అతను ఉలిక్కిపడి చూశాడు. "డి, అక్కా."

"ఒకటి తగ్గియ్యి. పిల్లలకు అందుతలేదు."

జస్టిన్ తగ్గించాడు. ఫ్యాన్లు తిరుగుతుండగా వాళ్లు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.