రాణిగారి ఒడ్డుకు సగం దూరం

నయాగరా చూడాలని మా ఇంట్లో అనుకోవడం మొదలై చాలా ఏళ్ళయింది. ప్రతి వేసవిలోనూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. చివరికి ఎనభైల మొదట్లో ఒక జూన్ నెలాఖరున వెళ్ళాను. నన్ను అంత దూరం తీసుకెళ్ళింది మాత్రం జలపాతం కాదు, ఒక ఇంగ్లీషు పాఠం.

మేము ఉండేది న్యూజెర్సీలో, డోవర్ అనే చిన్న ఊళ్ళో. నేను నర్సాపురంలో మిషన్ స్కూల్లో చదువుకుని, అక్కడే కొన్నాళ్ళు టీచరుగా చేసి, పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాను. వారంలో రెండు సాయంత్రాలు చర్చి హాల్లో, కొత్తగా ఈ దేశం వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఎవరో దయతలచి ఇచ్చిన పుస్తకాలు మావి. లండన్‌లో అచ్చయినవి కావడంతో తేలిక ఇంగ్లీషులో అన్నీ బ్రిటన్ సంగతులే ఉండేవి. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు. థేమ్స్ నది, బెన్ నెవిస్ శిఖరం. చిన్నప్పుడు నేనూ ఇవే బట్టీ పట్టాను కాబట్టి నాకేం ఇబ్బంది లేకపోయింది.

మూడో పాఠం రాణి గురించి. "దేశానికి అధిపతి రాణి. పరిపాలించేది రాణి కాదు. ప్రజలు ఓటు వేసి పార్లమెంటును ఎన్నుకుంటారు. పార్లమెంటు చట్టం చేస్తుంది. రాణి సంతకం పెడుతుంది." నేను చదువుతుంటే అందరూ వెనకాలే చదివారు. ఒక్క బున్మి మాత్రం చెయ్యెత్తింది.

బున్మి లావోస్ దేశం నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పేది కాదు.

"టీచర్, ఫలానా మనిషిని పట్టుకెళ్ళండి అని రాణి చెప్పగలదా?"

"చెప్పలేదు" అన్నాను.

"రాణిని తీసేస్తే? రాణికి మాట ఇచ్చినవాళ్ళని ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. నా దగ్గరా లేదు. క్లాసయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ అక్క చంతా కెనడాలో, హామిల్టన్ అనే ఊళ్ళో ఉంటోందట. ఇద్దరూ వేర్వేరుగా దేశం దాటి, వేర్వేరు శిబిరాల్లో ఉండి, వేర్వేరు దేశాలకు చేరారు. ఒకరినొకరు చూసుకుని ఏడేళ్ళు. బున్మి కాగితాలు ఇంకా ఇమ్మిగ్రేషన్ ఆఫీసులోనే ఉన్నాయి. అవి వచ్చేలోపు అమెరికా దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదని అక్కడివాళ్ళు చెప్పారు.

"నయాగరాలో నదికి ఇటు నేను, అటు అక్క. ఊరికే చూసుకుంటాం. మీరు వస్తారా?" అంది.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆయన వెంటనే, "వెళ్ళు సుగుణా. నాకైతే ఇప్పుడు లీవ్ దొరకదు. షీలాని తీసుకెళ్ళు, దానికీ సెలవులేగా" అన్నారు.

మా షీలా ఇక్కడే పుట్టింది. అప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. "బస్‌లోనా? మామ్, అది whole day పడుతుంది!" అంటూనే సంచి సర్దుకుంది.

శుక్రవారం పొద్దున్న ఆరుంబావుకి డోవర్ స్టేషన్లో రైలెక్కాం. హొబోకెన్లో దిగి, నది కింద నుంచి పోయే రైల్లో న్యూయార్క్ చేరి, బస్ టెర్మినల్‌కి నడిచాం. ఎనిమిదిన్నరకి బఫెలో బస్సు. మా దారినే వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: టిక్కెట్టు రానూపోనూ కలిపి కొనుక్కోండి, చవక. తినడానికి ఏమైనా వెంట ఉంచుకోండి. బస్సు ఆగేచోట్ల దొరికే శాండ్‌విచ్‌లో రొట్టె తప్ప ఏమీ ఉండదు. నేను పులిహోర, ఉడికించిన గుడ్లు పట్టుకెళ్ళాను. బున్మికి పులిహోర నచ్చింది కానీ కారం చాలలేదు!

మధ్యాహ్నం బింగమ్టన్లో అరగంట ఆపారు. అది దాటాక పచ్చటి కొండలు, పాలకోసం పెంచే నల్లమచ్చల ఆవులు, ఎర్రరంగు కొట్టాలు. రెండున్నర ప్రాంతంలో బాత్ అనే ఊరి బోర్డు కనిపించింది. బున్మి ఉలిక్కిపడినట్టు నా చెయ్యి పట్టుకుంది.

"టీచర్, బాత్! పుస్తకంలో ఉంది. వేడినీళ్ళ ఊరు."

"ఆ బాత్ ఇంగ్లండులో. అక్కణ్ణించి వచ్చినవాళ్ళు ఇక్కడ ఆ పేరు పెట్టుకున్నారు" అన్నాను.

పుస్తకంలో బాత్ పట్టణం ఏవన్ నది ఒడ్డున ఉంటుంది. ఇక్కడ ఏవన్ అనేది ఇంకో ఊరు, బాత్ నుంచి దగ్గర దగ్గర గంట ప్రయాణం. షీలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మన డోవర్ కూడా వాళ్ళదే కదా మామ్? రోచెస్టర్ కూడా? వీళ్ళకి own names ఏమీ దొరకలేదా?"

మా ముందు సీట్లో తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన ఇటు తిరిగి నవ్వాడు. రిటైరై బఫెలోలో కూతురి దగ్గరికి వెళ్తున్నాడట. ఎక్కడికని అడిగితే నయాగరా అని, ఇంగ్లీషు క్లాసులో బ్రిటన్ రాణి పాఠం చదువుతున్నామని చెప్పాను.

"రాణా! ఆవిడ పూర్వీకుణ్ణి, ఆనాటి రాజుని, మేం వదిలించుకుని రెండొందల ఏళ్ళయిందమ్మా!" అన్నాడు.

బున్మి నవ్వలేదు. "వదిలించుకున్నాక, రాజు పక్షాన ఉన్నవాళ్ళని ఏం చేశారు?" అని అడిగింది.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మంచి పనులేం చెయ్యలేదు. ఇళ్ళు లాక్కున్నారు. చాలామంది కెనడా పారిపోయారు. కొంతమంది ఈ నయాగరా నది దాటే వెళ్ళారు, పడవల్లో."

"పడవల్లో" అంది బున్మి. తర్వాత తనంతట తనే నాకు చెప్పింది. వాళ్ళది కూడా రాజుగారి దేశమే. పార్లమెంటూ ఉండేది. అక్క మొగుడు రాజుగారి సైన్యంలో గుమాస్తా. తుపాకీ పట్టినవాడు కాదు, కానీ రాజుకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడు. ప్రభుత్వం మారి రాజును దించేశాక, కొద్దిరోజులు పాఠాలు చెప్పి పంపిస్తామని ఆయన్ని లారీ ఎక్కించారు. మళ్ళీ రాలేదు. అక్క మెకాంగ్ నది దాటి థాయిలాండ్‌లోకి బయటపడింది.

"ఇప్పుడు అక్కకి కెనడా పౌరసత్వం ఇస్తామంటున్నారు. పాస్‌పోర్టు వస్తే నా దగ్గరికి రావచ్చు. థాయిలాండ్ శిబిరంలో ఉన్న అమ్మనీ వెళ్ళి చూడొచ్చు. కానీ కెనడాకి కూడా అధిపతి ఆ బ్రిటన్ రాణేనట, అందుకు రాణి పేరు మీద ప్రమాణం చెయ్యాలి. అక్క చెయ్యనంటోంది. రాజు పోతే ముందు ప్రమాణం చేసినవాళ్ళే పోతారు అంటోంది."

ఆమె ఆ రోజు క్లాసులో ఎందుకు అడిగిందో నాకప్పుడు అర్థమైంది. అక్కయ్యని చూడటానికే కాదు, ఆ జవాబు పట్టుకెళ్ళడానికి కూడా ఈమె బస్సెక్కింది. ఆ జవాబు ఇంకా నేనివ్వనేలేదు.

ఆరింటికి బఫెలో చేరి, అక్కణ్ణించి లోకల్ బస్సులో గంటకి నయాగరా ఊళ్ళో దిగాం. మోటల్ గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. ఫోన్లో మా ఆయనకి క్షేమంగా చేరామని చెప్పి, ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే జలపాతం దగ్గరికి నడిచాం. ఆ హోరు వీధి చివర్లోంచే వినిపిస్తోంది. నీళ్ళు అంచు దాకా మామూలు ఏరులాగే వచ్చి, అంచు దగ్గర ఆకుపచ్చటి గాజులా వంగి, ఆ తర్వాత తెల్లటి పొగ అయిపోతున్నాయి. మొహం మీద జల్లు పడుతుంటే షీలా "ఓ మై గాడ్" అని అలాగే నిలబడిపోయింది. బున్మి మాత్రం అవతలి ఒడ్డు కేసి చూస్తోంది. అక్కడ మనుషులు బియ్యపుగింజలంత ఉన్నారు. ఇంత దూరం నుంచి ఎవరు అక్కో ఎలా తెలుస్తుంది?

అప్పుడు నాకు వంతెన గుర్తొచ్చింది. రెయిన్‌బో బ్రిడ్జి అని రెండు దేశాలనూ కలుపుతూ ఉంటుంది. మనుషులు నడిచి వెళ్ళొచ్చు. ఇటు చివర ఉన్న అమెరికన్ అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్న విషయమంతా చెప్పాను. బున్మి నా వెనక నిలబడింది. యూనిఫాం చూస్తేనే ఆమెకు ఒళ్ళు బిగుసుకుపోతుంది.

ఆయన ఆమె కాగితాలు తిరగేసి చూశాడు. "మధ్యలో సరిహద్దు పలక ఉంటుంది. దాని ఇవతల ఉన్నంతసేపూ ఆమె అమెరికాలో ఉన్నట్టే. ఒక్క అడుగు కూడా దాటనివ్వకండి. తిరిగొచ్చేటప్పుడు నా దగ్గరికే రండి, నేను మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను" అన్నాడు.

ముగ్గురం వంతెన మధ్యకు నడిచాం. జెండాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. పదకొండుకి అక్క ఈ వంతెన అవతలి చివర దగ్గర నిలబడాలని అక్కచెల్లెళ్ళు ముందే గుర్తు చెప్పుకున్నారు. పదకొండు దాటింది. పావుగంట, ఇంకో పావుగంట. ఎవరూ రాలేదు. బున్మి కమ్మీని పట్టుకున్న పట్టు వదల్లేదు.

"షీలా, ఆంటీ దగ్గరే ఉండు. నేను వెళ్ళి చూసొస్తా" అన్నాను. నేను అప్పటికే అమెరికా పౌరురాలిని, నాకు భయం లేదు.

"గో, మామ్. నేను చూసుకుంటా ఆంటీని" అని షీలా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

అవతలి ఆఫీసులో గోడ మీద రాణిగారి పటం వేలాడుతోంది. దానికి ఎదురుగా బెంచీ మీద, వెదురుబుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూచుంది. బున్మి కట్టుకునేలాంటి అంచున్న పట్టు లుంగీ. పొద్దున్నుంచీ అక్కడే ఉందనీ, ఎవరు పలకరించినా తల దించుకుంటోందనీ అక్కడి ఉద్యోగిని చెప్పింది. నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూచుని, "బున్మి. టీచర్" అని నా గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, గభాలున లేచి నిలబడింది. ఉద్యోగిని ఆమె కాగితం చూసి, నవ్వుతూ తిరిగి చేతిలో పెట్టింది. చేతులు పట్టుకుని ఇద్దరం నడిచాం.

మధ్యలోకి వస్తుంటే వాళ్ళు పరుగెత్తుకుని కలుసుకుంటారనుకున్నాను. అలా జరగలేదు. బున్మి అక్కడే ఆగి, రెండు చేతులూ జోడించి, నడుం దాకా వంగింది. చంతా బుట్ట నా చేతికిచ్చి, ఆ పలక పక్కనే నిలబడి, చెల్లెలి తల దగ్గరికి తీసుకుని వాసన చూసింది, పసిపిల్ల తల చూసినట్టు. ఇద్దరి కాళ్ళూ ఎవరి దేశంలో వాళ్ళవి ఉన్నాయి. షీలా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ జలపాతం వైపు తిరిగింది.

చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆ భాష మధ్యలో ఇంగ్లీషు మాటలు వినిపించాయి. "క్వీన్... సైన్." బున్మి గాల్లో సంతకం పెట్టి చూపించింది. "పీపుల్... ఓట్." వేళ్ళతో పెట్టెలో చీటీ వేసింది. నేను క్లాసులో చేసిన సైగలే. చంతా తల అడ్డంగా ఊపుతూ ఏదో అడిగింది.

"టీచర్, అక్క అడుగుతోంది. రేపు ఆ ప్రభుత్వం పోతే ప్రమాణం చేసినవాళ్ళ గతేమిటి?"

ఈసారి తప్పించుకోవడానికి లేదు. నెమ్మదిగా చెప్పాను. "కెనడాలో ప్రభుత్వాలు పోతూనే ఉంటాయి. ఓడినవాళ్ళు ఎదురుగా కూచుని, గెలిచినవాళ్ళని తిడుతూ, మళ్ళీ ఓట్లు అడుగుతారు. రాణి పోతే కొడుకు వస్తాడు. ప్రమాణం రాణి పేరు మీదే గానీ ఆ పేరు పెట్టుకుని రాణి ఎవర్నీ ఏమీ చెయ్యలేదు, చట్టం ఒప్పుకోదు. ఎప్పటికీ చెడ్డరోజు రాదని నేను మాట ఇవ్వలేను. కానీ నిన్న ఓడినవాడు ఇవాళ తన ఇంట్లో తను పడుకుంటాడు. అది మాత్రం చూసి చెబుతున్నాను, నేను పుట్టిన దేశంలోనూ, అమెరికాలోనూ."

బున్మి దాన్ని నేను చెప్పినదానికంటే రెట్టింపు సేపు చెప్పింది. చంతా జెండాల వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది. తర్వాత చెల్లెలి చెంప మీద చిన్నగా తట్టి ఏదో అంది. బున్మి పకపకా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

"వచ్చే నెల నుంచి పౌరసత్వం క్లాసుకి వెళ్తుందట. వాళ్ళ టీచరు మీ అంత మెల్లగా మాట్లాడితేనే అట" అంది.

మధ్యాహ్నం అయ్యేసరికి ఇటు తిరిగి వచ్చాం. అధికారి అన్న మాట ప్రకారం అక్కడే ఉన్నాడు. పాతిక సెంట్ల వంతెన సుంకం కట్టి ఇంత చూడగలమని నేనెప్పుడూ అనుకోలేదు. నయాగరా వెళ్ళేవాళ్ళెవరైనా సరే, ఒడ్డు మీద నుంచి చూసి ఊరుకోకండి. వంతెన మధ్య దాకా నడవండి. అమెరికా వైపుదీ, కెనడా వైపుదీ, రెండు జలపాతాలూ అక్కణ్ణించి ఒక్కసారే కనిపిస్తాయి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బఫెలోలో తిరుగు బస్సెక్కాం. చంతా ఇచ్చిన వెదురుబుట్టలో జిగురన్నం, ఎండబెట్టిన మాంసం ఉన్నాయి. వేళ్ళతో ముద్ద చేసి ఎలా తినాలో బున్మి షీలాకి చూపించింది.

"హామిల్టన్ నుంచి డోవర్‌కి బస్సులు ఎన్ని మారాలి?" అని అడిగింది బున్మి.

"ఆంటీ, ఆవిడొస్తే నా రూమ్‌లో ఉండొచ్చు. నేను సోఫా మీద పడుకుంటా" అంది షీలా నోటినిండా అన్నంతో.

కొండల మీద ఎండ కాస్తోంది. కాసేపటికి బున్మి నా వైపు తిరిగి, "టీచర్, అక్కది రాణి. మరి నాకు కాగితాలొచ్చాక ఇక్కడ నేను ఎవరి పేరు మీద ప్రమాణం చెయ్యాలి?" అంది.

"మనిషి పేరు మీద కాదు. రాజ్యాంగం మీద."

"అందులో ఏముంటుంది?"

ఆ ప్రమాణం నేనూ చేసినదాన్నే. పెద్ద హాల్లో చెయ్యెత్తి, అందరితోపాటు గడగడా అప్పజెప్పి, ఇంటికొచ్చి వంట చేసుకున్నాను. అందులో ఏముందో ఇంత శ్రద్ధగా నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

"నాకూ సరిగ్గా తెలీదు బున్మీ. మంగళవారం క్లాసులో మొదటి పేజీ నుంచి చదువుదాం" అన్నాను.

"సరే" అని, ఆమె ఇంకో ముద్ద చేసి నా చేతిలో పెట్టింది.