టపా మావ ఎత్తు బూటు

ఆ రోజుల్లో కొరాపుట్‌లో ఎక్స్‌రే అంటే జనానికి భయం, నాకు పొగరు. యాభైల చివర్లో అక్కడి ఒక ఆసుపత్రిలో, కొత్తగా వచ్చిన యంత్రం దగ్గర నేను సహాయకుణ్ణి. ఇరవై రెండేళ్లవాణ్ణి. చీకటి గదిలోంచి తడి ఫిలిం పట్టుకుని వచ్చి, వెలుతురుకి ఎత్తి చూస్తూ "ఊఁ" అంటే చాలు, వరండాలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడేవారు (ఆ "ఊఁ"కి అర్థం నాకూ తెలిసేది కాదు). మా నాన్న రాయగడలో దర్జీ. మెడలో టేపు వేసుకు తిరిగే ఇంట్లోంచి వచ్చి తెల్లకోటు తొడుక్కున్నవాణ్ణి కదా, మళ్లీ టేపు ముట్టుకోవడమంటే నాకు నామోషీ. నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "బట్టల వ్యాపారం" అనేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

అప్పుడే మా ఆసుపత్రికి వచ్చాడు టపా మావ. బొయిపరిగుడ అవతలి కొండ ఊళ్లకి ఉత్తరాల సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లే రన్నరు ఆయన. గునుపురం వైపు రైతు కుటుంబం, మాటంతా శ్రీకాకుళం. మనిషి పొట్టేగానీ దారిలో ఆయన్ని అందుకోవడం ఎవరి తరమూ కాదని చెప్పుకునేవారు. వానాకాలంలో రాళ్ల మీద జారి ఎడమ తొడ ఎముక విరిగింది. నెలల తరబడి కట్టులో ఉండి అతుక్కుందిగానీ కాలు కాస్త పొట్టయింది. నెలాఖరుకి తపాలా అధికారి ముందు సంచితో నాలుగు మైళ్లు నడిచి చూపించాలి. నడిస్తే పాత పని ఆయనదే, లేకపోతే ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తారు. "కూకుని సేసీ పని నాకెందుకు బాబూ? ఆ కొండ గాలి తగలకపోతే నాకు తిండి సయించదు" అనేవాడు.

పెద్ద డాక్టరుగారు క్యాంపుకి వెళ్తూ నన్ను పిలిచి, "రెండు కాళ్లూ తుంటి ఎముక దగ్గర్నుంచి చీలమండ దాకా టేపుతో రెండేసి సార్లు కొలువు. ఎంత తేడా ఉంటే అంత మందం అడుగు వేయించి బూటు కుట్టించు. ఎక్స్‌రే అతుకు చూసుకోడానికే" అని చెప్పారు. నేను బుద్ధిగా తల ఊపి, ఆయన జీపెక్కగానే టేపుని సొరుగులో పడేశాను. లోపలి ఎముకనే చూపించే యంత్రం ఉండగా పైన చర్మం మీద టేపు పరచడం ఏమిటి, దర్జీ పని! రెండు తొడలకీ విడివిడిగా ఎక్స్‌రే తీసి ఫిలిం మీదే స్కేలు పెట్టి కొలుద్దామనుకున్నాను. చలికాలం, బల్ల మంచులా ఉంది. ఎడమ కాలు అయ్యేసరికే మావ పళ్లు టకటకలాడుతున్నాయి. "ఈ బల్ల మీద తొంగోడం కన్నా కాలు ఇరగడమే నయం బాబూ" అన్నాడు. నాకు జాలేసింది. కుడి కాలు తీసేటప్పుడు దళసరి దుప్పటి మడతల మీద మడతలు వేసి, ఫిలిం పెట్టె మీద పరిచి, దానిపైన కాలు పెట్టించాను. ఫిలింలో తేడా అంగుళమున్నర వచ్చింది. చెప్పులు కుట్టే అతను ఆ కాలు కేసి చూసి "ఇంతా?" అన్నాడు. "యంత్రం చెప్పింది, నీకేం తెలుసు" అన్నాను.

బూటు తొడుక్కుని లేవగానే మావ కుడి పక్కకి ఒరిగాడు. "ఇదేటి బాబూ! నిన్నటి దాకా ఎడం పక్కకి ఒరిగీవోణ్ణి, ఇయాల కుడి పక్కకి ఒరుగుతున్నాను!" అలవాటవుతుందనీ, నడుమే సర్దుకుంటుందనీ ధైర్యం చెప్పాను (ఎవరి నడుమో కదా). వరండాలోంచి ఎవరో "మావా, కొండెక్కుతున్నావా, దిగుతున్నావా?" అని కేకేశారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మావే. ఆ తరవాత నేను.

పరీక్షనాడు రెండో మైలు దాటకుండానే ఆయన నడుము పట్టేసి, రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. మర్నాడు క్యాంపు నుంచి వచ్చిన డాక్టరుగారు టేపు తీసి కొలిస్తే తేడా అర అంగుళమే. నా ఫిలింలు చూశారు, దుప్పటి సంగతి అడిగి తెలుసుకున్నారు. దీపం ముందు గోడ దగ్గర చెయ్యి పెట్టి, మెల్లగా దీపం వైపు జరిపారు. గోడ మీద నీడ పెద్దదయింది. "నీ దుప్పటి కాలుని ఫిలింకి దూరం చేసింది. అందుకే మంచి ఎముక పొడుగ్గా పడింది" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయనే తపాలావాళ్లకి ఉత్తరం రాశారు, సరైన బూటూ కుట్టించారు. కానీ దారి అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట, మావకి కొరాపుట్‌లో స్టాంపులు అమ్మే పని ఇస్తామన్నారు. "నువ్వే వెళ్లి జరిగింది చెప్పు" అన్నారు డాక్టరుగారు.

వెళ్లాను. నోరు తెరిచేలోపే మావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ తప్పేటీ నేదు బాబూ. అంత సలిలో దుప్పటేసినోడివి నువ్వొక్కడివే. నా కాలే నన్ను మోసం సేసింది." మళ్లీ వస్తాననీ, అప్పుడు టేపు సంగతి చెబుతాననీ అనుకుంటూ వచ్చేశాను.

చాలా ఏళ్లు ఆయన దగ్గరే స్టాంపులు కొన్నాను. రాయడానికి నాకు ఎవరూ లేకపోయినా కొన్నాను. కిటికీలోంచి చూడగానే అడిగేవాడు: "బొయిపరిగుడ దారెలగున్నాది బాబూ? వాగు కాడ వంతెనేసీసేరేటి?" అటు నాకేం పని? అయినా ఆయనకి చెప్పడం కోసమే ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, దిగి కొంత దూరం నడిచి చూసి వచ్చేవాణ్ణి. వంతెన సంగతి, ఏ ఊళ్లో చింతచెట్టు కొట్టేశారు, ఏ మలుపులో మట్టి జారింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. స్టాంపుల వంకతో కొండలన్నీ తిరిగిన ఆ తెల్లకోటు కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన అడిగినవన్నీ చెప్పాను. అడగని ఆ ఒక్కటీ మాత్రం చెప్పలేకపోయాను.