పలుపుతాడు మీద పాఠం

ఈ తాడుకు ఇంకా పేడ వాసన పోలేదు. ఈ పొద్దున నర్సంపేట దగ్గరి ఊళ్లో ఆవులకు టీకాలు వేయించడానికి వెళ్లి, సంచిలోంచి సూదుల పెట్టె తీయబోతే చేతికి తగిలింది. వాసన ముక్కుకెక్కగానే ఒళ్లు మండింది. ఎవరి మీదో కాదు, నా మీదే. నాకు పని నేర్పిన పశువుల డాక్టరు సుజాత మేడం గుర్తుకొచ్చింది. ఆమె మీద కూడా నాకు కోపం తక్కువేం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లంపీ జబ్బు వచ్చింది. ఆవుల ఒళ్లంతా గడ్డలు లేపే జబ్బు. మధ్యాహ్నంలోగా వాడంతా టీకాలు ముగించాలని పైనుంచి హుకుం. వాళ్లకేం, చల్లగా కూర్చుని ఫోన్లు చేస్తారు! గడ్డలు లేని ఆవులే కదా అని నేను ఒకే సూదితో వరసగా పొడుచుకుంటూ పోయాను. ఆ వాడలోనే ఉండే లచ్చవ్వ కొట్టంలో ఆమె ఆవుకు టీకా వేసి తిరిగేసరికి మేడం వెనకే నిలబడి ఉంది. “ఎన్ని సూదులు మార్చినవ్?” అంది. “దేనికీ గడ్డల్లెవ్వు మేడం” అన్నాను. గుంజకు వేలాడుతున్న పలుపుతాడు లాగి, మడిచి, రెండు కొసలూ కలిపి ముడేసింది. “గిది లంపీ తెచ్చే పాక్స్ వైరస్ డీఎన్ఏ అనుకో. రెండు పోగులు, రెండు దిక్కులా మూసుకొని ఉంటయ్. కణంల కేంద్రకం లోపలికి పోదు. బయటనే అడ్డా పెట్టి, కాపీ చేసే సామాను తనే తయారు చేసుకుంటది. గీ కొసకాడ ఒక పోగు తెగుతది. తెగినకాడ కొత్త పోగు మొదలై, చివరిదాంక పోయి, తనమీద తనే మళ్లి, మొత్తం పొడుగునా కాపీ చేస్తది. కాపీలన్నీ అతుక్కొని గొలుసైతయ్, మళ్ల దేనికది తెగుతది. గిదంత గడ్డ లేవకముందే మొదలైతది, సూదితోని పక్క ఆవుకు పోతది. నీ కండ్లకేం గనవడ్తది?” తాడును నా ముఖాన కొట్టినంత పని చేసింది.

పది రోజులకు లచ్చవ్వ ఆవుకు గడ్డలు లేచాయి. ఎన్ని మందులు వేసినా దక్కలేదు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఆవే. నా సూదో, ఈగో ఎవరూ తేల్చి చెప్పలేరు. “ఈగలు గూడ తెస్తయ్ కద మేడం” అని గొణిగాను. “ఈగకు చదువు రాదు, నీకొచ్చు. పా, నువ్వే చెప్పు ఆమెకు” అంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నన్ను ముందుకు తోసి తను గుమ్మం దగ్గరే నిలబడింది. ఇంత కసి ఎందుకని ఆ రోజు ఆమెను లోపల్లోపల తిట్టని తిట్టు లేదు.

చెప్పాను. లచ్చవ్వ లేచి నా ముందుకొచ్చింది. “అమ్మతల్లి వచ్చిందనుకున్న బిడ్డా. కొట్టానికి వేపమండలు గట్టిన, దండం పెట్టిన. నువ్వా?” గుంజకున్న తాడు లాగి నా మీదికి విసిరింది. “తీస్కపో. ఇగ దేన్ని కట్టెయ్యాలె?”

ఈ పొద్దున నాతో వచ్చిన కొత్త అమ్మాయి, మొదటి ఆవుకు వాడిన సూదితోనే రెండో ఆవు దగ్గరికి వెళ్లింది. ఆపితే, “ఒక్కదానికీ గడ్డల్లెవ్వు కద అక్కా” అంది. అవే మాటలు! తాడు తీసి, మడిచి, ముడేసి, మేడం చెప్పిందంతా చెప్పాను. గొంతు పెద్దదైందేమో, ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. కొత్త సూది ఎక్కించుకుంటూ భయంభయంగా అడిగింది.

“ఈ తాడెక్కడిది అక్కా?”

“నేను చంపిన ఆవుది” అన్నాను.