పదిహేడో గడి

మిసిసిపీ ఒడ్డున ఉన్న పార్కు అడవిని కలుపు మొక్కల సర్వేవాళ్ళు నలభై గళ్ళుగా పంచుకున్నారు. పదిహేడో గడి మార్లిస్ టోలెఫ్‌సన్‌ది. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా ప్రతి మే నెలా సర్వే కాగితం మీద ఒకటే అంకె వేస్తోంది: సున్నా. అంటే పక్క గళ్ళన్నిటినీ మింగేసిన వెల్లుల్లి ఆవ అనే కలుపు మొక్క అక్కడ ఒక్కటీ లేదని. పార్కు ఆఫీసు పటంలో పచ్చగా మిగిలింది ఆ గడి ఒక్కటే. ఆమె గర్వమంతా అదే.

ఎలా సాధించావంటే బ్రష్షు అంటుంది. కాలిబాట మొదట్లో పాతిన ఆ బ్రష్షుకు, అంటిన గింజలు రాలేలా బూట్లు నలభైసార్లు రుద్దందే ఎవర్నీ లోపలికి పోనివ్వదు. ముప్ఫై ఎనిమిది దగ్గర ఆపేసిన పాస్టరుగారిని కూడా వెనక్కి పిలిచింది.

ఈ ఏడు మొదటి మొక్క దుంగ పక్కన కనిపించింది. ఆకు నలిపి వాసన చూసింది. వెల్లుల్లే. అక్కణ్ణించి ఇరవైమూడు, దారానికి గుచ్చినట్టు ఒకే వరుసలో. పక్క గడి సర్వే చేస్తున్న డ్వేన్‌ను కేకేసింది.

"నీ బూట్లే డ్వేన్! రుద్దమంటే పళ్ళికిలిస్తావు."

"నీ గడిలో నేను అడుగుపెట్టి ఏడేళ్ళయింది. నువ్వు పెట్టనిస్తేగా? ఇప్పుడూ హద్దు ఇవతలే నిలబడ్డా, చూడు." డ్వేన్ మెడ సాచి ఆ వరుసను చూశాడు. "అయినా, ఈ దారిన రోజూ నడిచేదెవరు?"

మార్లిస్ దుంగ మీద కూలబడింది. పొట్టి మనిషి కనక ప్యాంటు అంచులు రెండు మడతలు పైకి మడుస్తుంది. సర్వే ప్యాంటును ఉతికే అలవాటు లేదు. కిందటి జులైలో డ్వేన్ గడిలో కలుపు పీకి, అదే ప్యాంటుతో తన గడికి వచ్చింది. మడత విప్పింది. అరచేతిలోకి నల్లటి సన్న గింజలు రాలాయి. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. మార్లిస్ ఎరిగింది, కాస్త ఆలస్యంగా.

"పీకేసి సున్నా వేసెయ్. నేనేం చూళ్ళేదు," అన్నాడు డ్వేన్.

వేయాలనే ఉంది ఆమెకు. ఏడుపొచ్చేంతగా ఉంది. ఇరవైమూడు అని రాసింది. 'ఎలా వచ్చింది' అన్నచోట 'నా ప్యాంటు' అని రాసింది. మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకింది. తర్వాత ప్యాంటు విప్పి సంచిలో మూటగట్టి, చలికి తొడుక్కున్న పొడుగు డ్రాయరుతోనే బయల్దేరింది. డ్వేన్ దారి పొడుగునా నది వైపే చూస్తూ నడిచాడు.

బ్రష్షు దగ్గర ఆమె ఆగింది. సైకిళ్ళవాళ్ళు కాలు కింద పెట్టి మరీ చూస్తున్నారు. నలభై దాకా లెక్కపెట్టుకుంటూ బూట్లు రుద్దింది.