ఎడమ ఎనిమిది, కుడి పది

రమాకాంత్ సార్ తాను ఒక పూట వేసుకొని చూడనిదే ఎవరికీ ఏ వస్తువూ కొనడు. ఇది నియమం కాదు, రోగమని ఆఫీసులో అందరూ ఎప్పుడో తీర్మానించేశారు. మందు లేదని కూడా తీర్మానించారు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్సు డిపో దాటాక, ఒక మెట్ల దారి పైకెక్కితే ఆ కంపెనీ వస్తుంది. దాని పని నీళ్ళలో మనుషుల్ని దింపడం. చెరువు తూములు, రిజర్వాయరు గేట్లు, నగరంలో కొత్తగా లేచే అపార్టుమెంట్ల కింద ఇల్లంత సంపులు, వీటిలో ఏది ఇరుక్కున్నా, ఏది పగిలినా వీళ్ళు దిగి చూసి బాగుచేస్తారు. హైదరాబాదు పైకి ఎంత లేచిందో కిందికీ అంతే దిగింది కాబట్టి ఆ రోజుల్లో కంపెనీకి చేతినిండా పనే. దిగేవాళ్ళకు కావలసిన సామానంతా కొనిపెట్టేది రమాకాంత్ సార్.

ఒకసారి హెల్మెట్లు కొనాల్సి వచ్చింది. అదే వారం ఆయన బావమరిది పెళ్ళి. సార్ పసుప్పచ్చ హెల్మెట్ పెట్టుకొనే పెళ్ళికి పోయాడు. అక్షింతలు పడ్డప్పుడల్లా ఆయన తలమీద రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు చప్పుడైంది. ఆల్బంలో ఏ పేజీ తిప్పినా పెళ్ళికూతురి వెనకాల ఆ పసుపు గుండే. భార్య అరుణమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదోనాడు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"సరిపోయిందా మరి?"

"చెవుల కాడ జర ఒత్తుతున్నది. వాపసు పంపిన."

లైఫ్ జాకెట్ల కథ ఇంకొకటి. ఎల్బీనగర్ నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులో, నిండు మే నెలలో, మెడదాకా జాకెట్ బిగించుకొని కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టర్ టికెట్ కొట్టి, చిల్లర ఇచ్చి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"సార్, బస్సు మునుగుతదా ఏంది?"

"మునగదు. చంకల కింద ఒరుసుకుంటదా లేదా చూస్తున్న."

ఒరుసుకుంది. అవీ వాపసు పోయాయి. సార్ చంకల్లో పొక్కులు మాత్రం పది రోజులు మిగిలాయి.

ఈ సార్‌ని మొదటిసారి చూసినప్పుడు జైపాల్ కూడా నవ్వాడు. జైపాల్ సోమయ్య కొడుకు. సోమయ్య పెద్ద చెరువులో చేపలు పట్టే మనిషి. తండ్రి పడవలో నడక నేర్చిన జైపాల్ ఈతలో చేపకు సాటి వస్తాడు. కానీ కంపెనీలో చేరి ఏడు నెలలైనా అతని పని గట్టు మీదే. కాకినాడ వైపు నుంచి వచ్చిన మత్తయి, సామ్యేలు నీళ్ళలో దిగుతుంటే జైపాల్ పైన తాడు పట్టుకొని నిలబడేవాడు. నీళ్ళు తెలిసినవాడికి గట్టు మీద నిలబడడం ఎంత శిక్షో నీళ్ళు తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

"కొత్త సూట్లు రానియ్యి. గప్పుడు నువ్వు గూడ దిగుతువ్" అన్నాడు కంపెనీ యజమాని శ్రీశైలం.

జైపాల్ ఆ మాటకు సంతోషించాడు, అంతకు రెండింతలు భయపడ్డాడు. భయం కుడికాలి గురించి. పన్నెండేళ్ళప్పుడు తూము రాయి ఒకటి జారి దాని మీద పడింది. కట్లు కట్టే ఆయన కట్టాడు, ఎముక అతుక్కుంది, కానీ పాదం పరుచుకుపోయింది. ఎడమకాలికి ఎనిమిదో నంబరు సరిపోతే కుడికాలికి పది కావాలి. ఈతకు అడ్డం లేదు, నడకకు అడ్డం లేదు. అడ్డమల్లా బూట్లకే. అందుకని జైపాల్ ఎప్పుడూ పట్టీల చెప్పులే వేసేవాడు. ఎవరితో మాట్లాడినా కుడికాలు ఎడమకాలి వెనక దాచి నిలబడేవాడు.

దాచడానికి కారణం ఉంది. ఒక చెవి సరిగ్గా వినబడదని ఎంతో మంచి ఈతగాడిని శ్రీశైలం గుమ్మంలోంచే పంపేశాడు. "నీళ్ళల్ల దిగేటోనికి ఒంట్ల ఏ లోపం ఉండొద్దు" అన్న మాట జైపాల్ చెవులారా విన్నాడు.

ఇంట్లో సోమయ్య ఒకటే మాట. "ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా. నీళ్ళకు లేని పట్టింపు వీళ్ళకెందుకు?"

"నీళ్ళు జీతం ఇయ్యవు బాపు" అనేవాడు జైపాల్. చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో ముంబై డీలరు మూడు రోజుల కోసం రెండు సూట్లు పంపాడు. డ్రైసూట్ అంటారు వాటిని. మెడ నుంచి మడమ దాకా ఒకటే తొడుగు, లోపలికి చుక్క నీరు రాదు. మన దగ్గర చలికోసం కాదది, మురికి కోసం. నగరం వదిలే నీళ్ళు ఒంటికి తగిలితే ఏం వస్తుందో డాక్టర్లు కూడా చెప్పలేకపోతున్న రోజులు మరి.

రెండు సూట్లకూ తేడా కాళ్ళ దగ్గరే. మొదటిదానికి రబ్బరు బూట్లు సూటుతోపాటే అతికి ఉన్నాయి. కాలు దూర్చితే చాలు, పని అయ్యాక పైపు పెట్టి కడిగితే చాలు. కానీ సూటు కొలత ఎంతో బూటు కొలతా అంతే, మార్చడానికి లేదు. రెండోదానికి పాదాల దగ్గర మేజోడులాంటి మెత్తని తొడుగు మాత్రమే ఉంది. దాని మీద లేసుల బూట్లు విడిగా వేసుకోవాలి. కట్టుకోవడం ఆలస్యం, కడగడం రెండింతల పని, కానీ ఎవరి కాలికి తగ్గవి వాళ్ళు తెచ్చుకోవచ్చు. జైపాల్ ఆ రెండో సూటు వైపు ఆకలిగా చూశాడు.

శ్రీశైలం మొదటిదాని వైపు చూశాడు. "అతికిన బూట్లదే తీస్కుందాం. అల్కగ అయిపోతది. ముగ్గురితోని వేయించి చూడు రమాకాంతన్నా. ఎవనికి పడ్తే వాడు దిగుతడు."

"ముందు నేను చూడాలె గద" అన్నాడు రమాకాంత్ సార్, అప్పటికే చొక్కా విప్పుతూ.

పొద్దున పదింటికి ఆయన అతికిన బూట్ల సూటులో దూరాడు. మెడ దగ్గరి రబ్బరు పట్టుకు మొహం టమాటా అయింది. అలాగే ఫోన్లు ఎత్తాడు, అలాగే సంతకాలు పెట్టాడు. పదకొండింటికి మెట్లు దిగి, ధడ్ ధడ్ మని రోడ్డు దాటి, భూలక్ష్మి చాయ్ హోటలుకు పోయాడు. మూడు బస్సులు నెమ్మదించాయి.

"ఏం సార్, చంద్రమండలం పోతున్నవా?" అంది భూలక్ష్మి గ్లాసు అందిస్తూ.

"లేదమ్మా, బూట్లు చూస్తున్న."

"బూట్లు చూసెటందుకు గింత వేషమా?"

"బూట్లు ఒంటికే అతికి ఉన్నయ్ మరి, ఏం చెయ్యాలె?"

మధ్యాహ్నం చెరువుకు పోదామన్నాడు. ఆ ఏడు పెద్ద చెరువు నిండుగా ఉంది. నడుముకు తాడు కట్టి జైపాల్ ఆయన్ని రొమ్ముల్లోతు దాకా తీసుకుపోయాడు. "వంగకుండ్రి సార్" అని మొత్తుకున్నాడు. చెరువుల్లో పుట్టినవాళ్ళ మాట ఆఫీసుల్లో పుట్టినవాళ్ళు వింటారా? సార్ తన బూట్లు తనకు కనబడుతున్నాయా లేదా చూద్దామని వంగాడు. సూటులో ఉన్న గాలంతా ఒక్కసారి కాళ్ళలోకి పరుగెత్తింది. వదులు బూట్లు బుడగల్లా ఉబ్బాయి. సార్ తల కిందికి, కాళ్ళు పైకి. గట్టు మీద నుంచి చూసిన సామ్యేలుకు నీళ్ళపైన రెండు నల్లని బూట్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

జైపాల్ మునిగి, భుజాలు పట్టి, ఆయన్ని నిటారుగా తిప్పాడు. సార్ నోట్లోంచి అరలీటరు చెరువు బయటికి వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"కుడి బూటు ముందు లేసింది."

మర్నాడు మత్తయి, సామ్యేలు సూటు తొడిగి చూశారు. ఇక జైపాల్ వంతు. అతను గుండె చిక్కబట్టుకొని కూర్చుంటే సార్ లోపలినుంచి సూటు తొడుక్కొని బయటికి వచ్చాడు.

"జర ఆగు జైపాలూ. కుడి బూటు సంగతి నాకింక తేలలే."

ఆ పూటా చెరువుకే. ఈసారి సార్ ఒడ్డునే కూర్చొని, జైపాల్ నడుముకు నీళ్ళలో మునగడానికి కట్టుకునే ఇనుప దిమ్మెల బెల్టు కట్టించి, తూము దాకా పోయి రమ్మన్నాడు. వచ్చాక మళ్ళీ పొమ్మన్నాడు. నాలుగుసార్లు. గడియారం చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "బూట్లు చూసుడు ఆయన పని, ఈత కొట్టుడు నా పనా" అని జైపాల్ లోపల విసుక్కున్నాడు. రెండు సూట్లూ మార్చి మార్చి తొడుక్కుంటూ మూడోనాడూ అదే తంతు. సాయంత్రానికి సూట్లు ముంబైకి పోవాల్సిన వేళైంది. జైపాల్ వంతు రానేలేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు గానీ, ఈ పిచ్చి సార్ వల్ల ఇవాళ గట్టెక్కితే మాత్రం రేపు సూట్లు వచ్చాక ఏమిటని ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లవారి రమాకాంత్ సార్ శ్రీశైలం ముందు నిలబడి తీర్పు చెప్పాడు. "అతికిన బూట్లు ఒద్దు. ఒదులైతే గాలి నిండుతది, మనిషి తలకిందులైతడు. నేను అయిన గద. లేసుల బూట్లే మంచిగున్నయ్."

"కడుగుడెవరు? మురికినీళ్ళ పని మనది."

"నేను కడుగుత."

శ్రీశైలం ఆర్డరు కాగితం చూశాడు. ముగ్గురికి మూడు సూట్లు, మత్తయికి ఒక జత బూట్లు, సామ్యేలుకు ఒక జత. జైపాల్ పేరుకు ఎదురుగా 'తర్వాత' అని ఉంది. కింద ఇంకొక జత. "ఇదేంది? ఎడమ ఎనిమిది, కుడి పది?"

"అది నాకు. వేసి చూసెటందుకు. నా కాళ్ళు రెండు ఒక్క తీరుగ లేవు. చెరువుల తేలింది."

ఆఫీసు ఆఫీసంతా విరగబడి నవ్వింది. టైపు చేసే నిర్మల నవ్వు ఆపుకోలేక బల్లమీద తలపెట్టేసింది. యాభై రెండేళ్ళు తన కాళ్ళ సంగతి తనకే తెలియని మనిషిని వాళ్ళు ఎక్కడా చూడలేదు. కానీ రమాకాంత్ సార్ కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఆనాటి నుంచి ఆయనకు 'రెండు నంబర్ల సార్' అని పేరు పడింది. జైపాల్ కూడా నవ్వినట్టు నటించాడు. కుడికాలు మాత్రం ఎడమకాలి వెనక్కి ఇంకాస్త జరిపాడు.

మూడు వారాలకు సామాను వచ్చింది. సార్ తన జత తొడుక్కొని ఒక పూటంతా ఆఫీసులో తిరిగాడు. ఎడమది బుద్ధిగా ఉంది. కుడిది ప్రతి అడుగుకూ టపక్‌మంది.

"సరిపోయినయా అన్నా?" అన్నాడు శ్రీశైలం.

"కుడిది జర ఎక్కువైంది. నా కాలు సన్నబడ్డట్టున్నది. జైపాలూ, ఊకె పడి ఉండుడెందుకు, నువ్వేసి చూడు."

జైపాల్ కూర్చొని లేసులు కట్టుకున్నాడు. బూట్లు రెండూ కాళ్ళతోపాటు పుట్టినట్టు కూర్చున్నాయి. పదకొండేళ్ళలో అతని కుడికాలు బూటు తొడగడం అదే మొదటిసారి. అతనికి ఏడుపొచ్చింది. లేసు బిగించే నెపం మీద తల ఎత్తలేదు.

మర్నాడే తూములో దిగాడు. పైకి వచ్చాక బూట్లు ఇవ్వడానికి ఆఫీసు వెనక నల్లా దగ్గరికి పోయాడు. సార్ ప్యాంటు మడిచి, గచ్చు మీద కూర్చొని, మత్తయి బూట్లు బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఆయన కాళ్ళు రెండూ పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒక్కటే కొలత. వెంట్రుకవాసి తేడా లేదు.

జైపాల్ తన బూట్లు గచ్చు మీద పెట్టాడు. "సార్, మీకెట్ల తెలిసింది?"

"తలకిందులైనోనికి ఏం కనబడ్తయ్? ఎదుటోని కాళ్ళే గద. కొలత గట్టు బురదల నీ అడుగులు చెప్పినయ్."

"మరి అందరితోని నవ్విపిచ్చుకునుడు ఎందుకు సార్?"

సార్ బ్రష్షు ఆపలేదు. "నీకు నీ కాలంటె సిగ్గు. నాకు నా పిచ్చంటె సిగ్గు లేదు. అందుకే నా పేరు మీద రాయించిన. కాలు పని చేస్తదా లేదా అని మాత్రం మూడు రోజులు నిన్ను ఈదిచ్చి చూసిన. అది చెయ్యకపోయి ఉంటె నేనే నిన్ను దిగనియ్యకపోదును."

అప్పటినుంచి దసరా దాకా జైపాల్ పదకొండుసార్లు దిగాడు. దిగిన ప్రతిసారీ సంతోషమే. గట్టెక్కాక మాత్రం ఎవరో ఒకరు సార్‌ని 'రెండు నంబర్లు' అని పిలిచేవారు, ఆ సంతోషంలో ఒక ముల్లు గుచ్చుకునేది.

దసరా నాడు పంపులకు, తాళ్ళకు, సూట్లకు బొట్లు పెట్టి ఆయుధపూజ చేశారు. పూజ అయ్యాక శ్రీశైలం ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందరూ కలిసి డిపో పక్కన చెప్పులు కుట్టే మల్లేశయ్యతో ప్రత్యేకంగా కుట్టించిన తోలు చెప్పులు. ఎడమ ఎనిమిది, కుడి పది. ఎగతాళి కొంత ఉంది, ప్రేమే ఎక్కువ ఉంది. సార్ కళ్ళకద్దుకొని తొడుక్కున్నాడు. నడిచి చూపించమన్నారు. టపక్, టపక్. నిర్మల కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

జైపాల్ వల్ల కాలేదు. "అన్నా, గా కాలు సార్‌ది కాదు. నాది" అన్నాడు, కుడికాలు ముందుకు పెట్టి.

గదిలో నవ్వు టక్కున ఆగింది. శ్రీశైలం ఆ పాదాన్ని చూశాడు, మనిషిని చూశాడు. జైపాల్ మళ్ళీ తాడు పట్టుకోవడానికి సిద్ధపడ్డాడు. ఇంటికి పొమ్మన్నా పోదామనుకున్నాడు.

"ఎన్నిసార్లు దిగినవ్?"

"పదకొండు."

"ఎన్నడన్న ఇబ్బందైందా?"

"కాలే అన్నా."

శ్రీశైలం రమాకాంత్ సార్ వైపు తిరిగాడు. "నాకు అబద్ధం చెప్తివా అన్నా?"

"అవ్. ఒక పూట చూద్దామని మొదలువెట్టిన. నాలుగు నెలలు నడిచింది."

శ్రీశైలం నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు గానీ ఆగలేదు. చెవిటివాడని పంపేసిన ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో కనుక్కొమ్మని నిర్మలకు మెల్లగా చెప్పాడు. తర్వాత అన్నాడు. "ఇగ ఆ చెప్పులు విప్పు. జైపాల్‌కియ్యి."

"ఇప్పుడెట్ల ఇస్త? పూట కాలే" అన్నాడు రమాకాంత్ సార్. ఎవరెంత చెప్పినా వినకుండా, టపక్ టపక్‌మని మెట్లు దిగి పోయాడు.

సాయంత్రం ఐదింటికి చెప్పులు చేత పట్టుకొని, వట్టి కాళ్ళతో తిరిగొచ్చాడు. జైపాల్ ముందు వంగి వాటిని కింద పెట్టాడు.

"కుడిదాంట్ల లోపలి దిక్కు ఒక కుట్టు గుచ్చుతుండె. విప్పిచ్చి మళ్ళ వేయించిన. ఇగ వేస్కో" అన్నాడు.